నిషి కసాయ్‌లో కాపురం: ఉద్యోగం మీద టోక్యో వచ్చే తెలుగువాళ్ళకు సమగ్ర మార్గదర్శి

టోక్యోలో ఉద్యోగం ఖాయమైందని చెప్పగానే ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "నిషి కసాయ్‌లో ఇల్లు చూసుకో, మనవాళ్ళంతా అక్కడే ఉంటారు." మాటలో తప్పు లేదు. కాకపోతే ఆ ఒక్క మాటే పట్టుకుని దిగి, దొరికిన ఇల్లు తీసేసుకుని, ఆ తర్వాత పిల్లాడికి స్కూల్లో సీటు లేదనీ, ఆఫీసు వేరే లైన్ మీద ఉందనీ తెలిసి ఏడాది తిరక్కుండానే మళ్ళీ సామాను సర్దుకునే కుటుంబాలు తక్కువేం లేవు. ఇక్కడ కుదురుకోవడం కష్టం కాదు. పనుల వరుస తప్పితేనే డబ్బు పోతుంది, టెన్షన్ మిగులుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదానికే ఎక్కువ చోటిచ్చాను.

ముందుగా ఈ చోటు సంగతి

నిషి కసాయ్ టోక్యో తూర్పు అంచున ఎదొగావా వార్డులో ఉంది. పడమర అరకావా నది, దక్షిణాన టోక్యో అఖాతం. తూర్పున నది దాటితే చిబా జిల్లాలోని ఉరయాసు, అంటే డిస్నీలాండ్ ఉన్న ఊరు. ఒకప్పుడు ఈ తీరమంతా చేపలు పట్టేవాళ్ళది, నోరి అనే సముద్రపు నాచు పెంచేవాళ్ళది. పక్క స్టేషన్ కసాయ్‌కి 1969లో తోజాయ్ మెట్రో లైన్ వచ్చింది. నిషి కసాయ్ స్టేషన్ 1979లో తెరిచారు. ఆ దశాబ్దాల్లోనే సముద్రాన్ని మట్టితో పూడ్చి దక్షిణంగా కొత్త నేల తయారు చేసి, దాని మీద పెద్ద పెద్ద అపార్ట్‌మెంటు సముదాయాలు కట్టారు.

భారతీయులు ఇక్కడికి గుంపుగా రావడం 2000కి కాస్త ముందు మొదలైంది. కంప్యూటర్లలో తేదీల సమస్య సరిచేయడానికి మన ఇంజినీర్లను జపాన్ కంపెనీలు పిలిపించుకున్న రోజులవి. వాళ్ళు పనిచేసే బ్యాంకులు, స్టాక్ కంపెనీలు ఓతెమాచి, నిహోంబాషి, కాయాబాచో వైపు ఉండేవి. ఆ మూడూ తోజాయ్ లైన్ మీదే ఉన్నాయి. పరాయి దేశస్థులకు ఇల్లివ్వడానికి ప్రైవేటు యజమానులు వెనకాడేవాళ్ళు, ఇక్కడేమో పూచీదారు అడగని ప్రభుత్వ సంస్థ ఇళ్ళు బోలెడు. 1978లో జపాన్ వచ్చి ఇక్కడే స్థిరపడిన టీ వ్యాపారి జగ్‌మోహన్ చంద్రాణి ఆ కొత్తవాళ్ళకు ఇళ్ళు వెతకడంలో, భోజనం ఏర్పాట్లలో చేసిన సాయం ఈ ప్రాంతం కథలో భాగమైపోయింది. 2019 ఏప్రిల్‌లో ఇక్కడి నివాసి పురాణిక్ యోగేంద్ర ఎదొగావా వార్డు సభకు ఎన్నికయ్యారు. 2024 జులైలో విదేశాంగ మంత్రి జైశంకర్ ఇదే వార్డులో గాంధీ విగ్రహాన్ని ఆవిష్కరించారు.

"లిటిల్ ఇండియా" అంటారు గానీ, అబిడ్స్‌నో బీసెంట్ రోడ్డునో ఊహించుకుని రావద్దు. స్టేషన్ బయట కనిపించేది ఫార్మసీ, బ్యాంకు, సైకిళ్ళు, ఇస్త్రీ చొక్కాల జపనీయులు. మనవాళ్ళు కనపడేది సాయంత్రం పార్కుల్లో, ఆదివారం కిరాణా కొట్ల దగ్గర.

మొదటి అడుగు: విమానం ఎక్కకముందే రెండు విషయాలు తేల్చుకోండి

మొదటిది ఆఫీసు ఏ స్టేషన్ దగ్గర ఉంది అనేది. ఓతెమాచి, నిహోంబాషి, కాయాబాచో, ఇయిదాబాషి అయితే నిషి కసాయ్ నుంచి రైలు మారక్కర్లేదు. ఓతెమాచికి పావుగంట, ఇరవై నిమిషాల మధ్య పడుతుంది. ఆఫీసు షింజుకులో ఉంటే తోయెయ్ షింజుకు లైన్ మీదున్న ఫునాబోరి గానీ, పక్కనున్న కోతో వార్డులోని ఒజిమా గానీ మీకు నయం. ఒజిమాలోని ఆరో చోమె (పేటలో అంకెతో పిలిచే భాగాన్ని చోమె అంటారు) అపార్ట్‌మెంటు సముదాయంలో కూడా మనవాళ్ళు బాగా ఉన్నారు. షిబుయా, షినాగావా వైపు ఆఫీసు అయితే, రోజూ ఆ ప్రయాణం ఇడ్లీ పిండి కోసం అవసరమా అని ఒకసారి ఆలోచించుకోండి.

రెండోది పిల్లల బడి. భారతీయ పాఠ్యప్రణాళికతో నడిచే బడులు ఈ తూర్పు వైపే రెండు సంస్థలవి ఉన్నాయి. కోతో వార్డులో 2004లో మొదలైన ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్, ఎదొగావాలో 2006లో మొదలైన గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్. సీటు ఖాయం కాకుండా ఇల్లు ఖాయం చేసుకోవద్దు. బడికి ఒకటి కంటే ఎక్కువ ప్రాంగణాలు ఉంటే మీ పిల్లాడి తరగతి ఏ ప్రాంగణంలో నడుస్తుందో కూడా అడగండి. కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి శీతాకాలం నుంచే కనుక్కోవడం మొదలుపెట్టాలి.

వార్డు ప్రభుత్వ బడి కూడా గట్టిగా పరిశీలించదగ్గదే. విదేశీ పిల్లలకు చేరడం తప్పనిసరి కాదు, కానీ అడిగితే చేర్చుకుంటారు. ఫీజు లేదు, మధ్యాహ్న భోజనానికీ డబ్బు తీసుకోరు. శాకాహారులైతే డబ్బా పంపడం గురించి బడితో ముందే మాట్లాడుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, రెండు మూడేళ్ళలో వెనక్కి వెళ్ళేవాళ్ళకు సీబీఎస్‌ఈ బడి మంచిది. ఉండిపోయే ఆలోచన ఉండి, పిల్లలు ఆరేడేళ్ళ లోపు వాళ్ళయితే జపనీస్ బడి. ఆ వయసు దాటాక జపనీస్ బడిలో వేస్తే పిల్లలు పడే అవస్థ తల్లిదండ్రులకు ఆలస్యంగా తెలుస్తుంది.

రెండో అడుగు: వరద మ్యాపు తెరిచి చూడండి

దీన్ని మనవాళ్ళు దాదాపు ఎవరూ చేయరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఎదొగావా వార్డు రెండు పెద్ద నదుల చివర ఉన్న పల్లపు నేల. పోటు వచ్చినప్పటి సముద్ర మట్టంతో పోలిస్తే వార్డు భూభాగంలో 70 శాతం దాని కంటే కిందే ఉంటుంది. కట్టలు, పంపులు కాస్తున్నాయి కాబట్టి జనం బతుకుతున్నారు. 2019లో వార్డు ఇంటింటికీ పంచిన ప్రమాద సూచన మ్యాపు అట్ట మీద, వార్డు బొమ్మ మీదే, "ఇక్కడ ఉండకూడదు" అని అచ్చు వేశారు. తన పౌరులతో ఒక పురపాలక సంస్థ ఇలా అనడం జపాన్ అంతటా చర్చ అయింది. పెద్ద తుఫాను వస్తుందని తెలిస్తే ముందుగానే వార్డు దాటి వెళ్ళిపొమ్మని దాని అర్థం. అదే ఏడాది అక్టోబరులో హగిబిస్ తుఫాను వచ్చినప్పుడు ఈ వార్డులో జనాన్ని ఖాళీ చేయమని హెచ్చరికలు నిజంగానే ఇచ్చారు.

భయపెట్టడానికి కాదు, ఇల్లు ఎంచుకోవడానికి చెప్తున్నాను. సముద్రానికి దగ్గరగా వెళ్ళేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని మనకు అనిపిస్తుంది. ఇక్కడ తిరకాసు ఉంది. దక్షిణాన కొత్తగా పూడ్చిన సెయ్‌షిన్‌చో, రింకాయ్‌చో నేల ఎత్తుగా ఉంది. పాత కసాయ్ ఊరే పల్లం. మ్యాపులో నీళ్ళ రంగు ఎక్కడ ఆగిపోయిందో చూస్తే ఈ సంగతి కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. పూడ్చిన నేలకు దాని బాధ దానికుంది. 2011 భూకంపంలో పక్క ఊరు ఉరయాసులో నేల బురదలా మారి రోడ్లు, పైపులు దెబ్బతిన్నాయి. కాబట్టి ఏ ఇల్లు చూసినా మూడు ప్రశ్నలు వేయండి: మ్యాపు ప్రకారం ఇక్కడ నీళ్ళ లోతు ఎంత, ఇల్లు ఎన్నో అంతస్తు, భవనం 1981 జూన్ తర్వాతి భూకంప నిబంధనల ప్రకారం కట్టిందా లేక పాతదాన్ని పటిష్ఠం చేశారా. మొదటి అంతస్తు అంటే ఇక్కడ నేల మీదిదే అని గుర్తుంచుకోండి. నేనైతే పల్లంలో నేల అంతస్తు ఇల్లు అద్దె ఎంత తక్కువైనా తీసుకోను.

నీళ్ళు ఒకసారి నిలిస్తే వారం, రెండు వారాలు తీయలేకపోవచ్చని అంచనా. ఇంట్లో తాగునీళ్ళు, మందులు, పాస్‌పోర్టులు ఒక సంచిలో ఉండాలి. మ్యాపు వార్డు వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో కూడా దొరుకుతుంది.

మూడో అడుగు: ఇల్లు

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి యూఆర్, అంటే ప్రభుత్వ పట్టణాభివృద్ధి సంస్థ ఇళ్ళు. రెండోది ఏజెంటు ద్వారా ప్రైవేటు ఇల్లు.

తేడా అర్థం కావాలంటే లెక్క వేసి చూద్దాం. నెలకు లక్షా 20 వేల యెన్ల ఇల్లు అనుకోండి. ప్రైవేటులో అడ్వాన్సు ఒక నెల, యజమానికి తిరిగిరాని కానుకగా ఇచ్చే "రెయ్‌కిన్" ఒక నెల, ఏజెంటు కమీషన్ పన్నుతో కలిపి లక్షా 32 వేలు, పూచీ కంపెనీకి దాదాపు సగం నెల, మొదటి నెల అద్దె, తాళం మార్పు, అగ్ని ప్రమాద బీమా. అన్నీ కలిపితే 6 లక్షల యెన్లకు అటూ ఇటూ తేలుతుంది. అందులో తిరిగి వచ్చేది అడ్వాన్సు, అదీ కోతలు పోను. పైగా చాలా ఇళ్ళకు రెండేళ్ళకోసారి ఒప్పందం పొడిగించినందుకు మరో నెల అద్దె కట్టాలి. రెయ్‌కిన్ లేని ఇళ్ళూ ఉంటాయి, అడిగి వెతికించుకోవాలి.

యూఆర్‌లో రెయ్‌కిన్ లేదు, కమీషన్ లేదు, పూచీదారు అక్కర్లేదు, పొడిగింపు రుసుమూ లేదు. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా కట్టాలి, అంటే పై లెక్కలో 2 లక్షల 40 వేలు, దానికి మొదటి నెల అద్దె, ఉమ్మడి ఖర్చుల రుసుము కలుస్తాయి. ఖాళీ చేసినప్పుడు మరమ్మతులు మినహాయించి అడ్వాన్సు వెనక్కి ఇస్తారు. సరైన నివాస హోదా ఉన్న విదేశీయులు కూడా దరఖాస్తు చేయవచ్చు.

మెలిక ఆదాయం దగ్గర ఉంది. కుటుంబానికి అద్దె 82,500 యెన్ల లోపు అయితే నెల జీతం దానికి నాలుగు రెట్లు ఉండాలి. అంతకు పైన 2 లక్షల లోపు అయితే నెలకు 3 లక్షల 30 వేలు చాలు. ఒంటరిగా ఉండేవాళ్ళకు 62,500 నుంచి 2 లక్షల లోపు అద్దెకు 2 లక్షల 50 వేలు. జీతం సరిపోకపోతే అద్దెకు వంద రెట్లు పొదుపు చూపించే దారి, లేదా ఏడాది అద్దె ముందే కట్టేసే దారి ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర జపాన్ జీతం చరిత్ర ఉండదు కాబట్టి, రాబోయే జీతం మీద కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం ఏ రూపంలో కావాలో ముందే కనుక్కుని హెచ్‌ఆర్ వాళ్ళతో రాయించుకోండి.

నిషి కసాయ్ చుట్టుపక్కల యూఆర్ సముదాయాల్లో మనవాళ్ళ నోట ఎక్కువ వినిపించేవి స్టేషన్‌కు దగ్గరగా ఉన్న కొజిమాచో రెండో చోమె, దక్షిణాన కసాయ్ క్లీన్ టౌన్‌లోని సెయ్‌షిన్ ప్లాజా, సెయ్‌షిన్ మినామి హైట్స్, సెయ్‌షిన్ కితా హైట్స్. కొజిమాచోలో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ ఖాళీ పడటం ఆలస్యం, ఎగరేసుకుపోతారు. వరద మ్యాపు చూశాక నా ఓటు మాత్రం సెయ్‌షిన్‌చోకే. నడక పది పదిహేను నిమిషాలు ఎక్కువ, కానీ చెట్ల మధ్య రోడ్లు, కార్ల గోల తక్కువ, పిల్లలు రోడ్డు దాటకుండానే పార్కుకు వెళ్ళగలరు.

యూఆర్‌లో లాటరీ లేదు, ముందు వచ్చినవాళ్ళకే ఇల్లు. వెబ్‌సైట్‌లో ఖాళీ కనిపించగానే యూఆర్ కేంద్రానికి ఫోన్ చేయడం లేదా వెళ్ళడం, ఇల్లు చూడటం, తాత్కాలికంగా పట్టి ఉంచుకోవడం, ఇచ్చిన గడువులోగా కాగితాలు ఇవ్వడం, డబ్బు కట్టి తాళం తీసుకోవడం. ఒప్పందం వివరాలన్నీ జపనీస్‌లోనే చదివి వినిపిస్తారు. భాష వచ్చిన సహోద్యోగిని ఆ పూటకు బతిమాలి తీసుకెళ్ళండి.

తాళం చేతికొచ్చిన సాయంత్రం ఏమవుతుందో ముందే తెలుసుకోండి. ఇంట్లో లైట్లు ఉండవు. గదుల కప్పుకు అరచేతిలో సగం సైజు ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఉంటుంది, దానికి రెండు వంకర చీలికలు. సీలింగ్ లైటు కొని, దాని అడాప్టరును ఆ చీలికల్లో పెట్టి తిప్పితే క్లిక్‌మని కూర్చుంటుంది. ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. కర్టెన్లు, గ్యాస్ పొయ్యి కూడా మీరే తెచ్చుకోవాలి, చాలా ఇళ్ళలో ఏసీ కూడా. పాత పొయ్యి కొంటుంటే దాని మీద "13ఏ" అని రాసి ఉందో లేదో చూడండి. టోక్యో పైపు గ్యాస్ రకం అది. సిలిండర్ గ్యాస్ పొయ్యి దానికి పనికిరాదు.

ప్రైవేటు ఇల్లయినా సరే అనుకుంటే, విదేశీయులకు ఇస్తారా లేదా అన్నది ఏజెంటును మొదటి ఫోన్‌లోనే అడిగించండి. ఇల్లు చూసి, నచ్చి, ఆశ పెట్టుకున్నాక "కుదరదు" అనిపించుకోవడం కంటే అదే నయం.

నాలుగో అడుగు: 14 రోజుల గడువు

ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా వార్డుకు చిరునామా తెలియజేయాలి. వార్డు ప్రధాన కార్యాలయం ఉత్తరాన దూరంగా ఉంది, అక్కడికి పోనక్కర్లేదు. నాకా కసాయ్ మూడో చోమెలోని కసాయ్ శాఖ చాలు. కుటుంబ సభ్యులందరి పాస్‌పోర్టులు, విమానాశ్రయంలో ఇచ్చిన నివాస కార్డులు పట్టుకెళ్ళండి. పెళ్ళి, పుట్టిన తేదీ ధ్రువపత్రాలకు జపనీస్ అనువాదం ఉంటే పని త్వరగా తెములుతుంది. కార్డు వెనక చిరునామా అచ్చు వేసి ఇస్తారు. ఆ అచ్చు పడ్డాకే ఫోన్, బ్యాంకు ఖాతా, మిగతావన్నీ కదులుతాయి.

అదే రోజు అక్కడే చూసుకోవాల్సినవి: కంపెనీ ఆరోగ్య బీమా లేనివాళ్ళకు జాతీయ ఆరోగ్య బీమా, పిల్లల భత్యం, పిల్లల వైద్య కార్డు. పిల్లల భత్యం మూడేళ్ళ లోపు బిడ్డకు నెలకు 15 వేల యెన్లు, ఆ పైన ఉన్నత పాఠశాల వయసు వరకు 10 వేలు, మూడో బిడ్డకు ఇంకా ఎక్కువ. వచ్చిన 15 రోజుల్లోగా దరఖాస్తు చేయకపోతే ఆ నెలల డబ్బు పోయినట్టే, వెనక్కి లెక్కగట్టి ఇవ్వరు. వైద్య కార్డు ఉంటే బీమా వర్తించే వైద్యానికి పిల్లలకు చేతి ఖర్చు ఉండదు. ఏడాది లోపు పసిపిల్లలుంటే ఎదొగావా వార్డు ఆదాయ పరిమితికి లోబడి విడిగా ఇచ్చే భత్యం గురించి కూడా అడగండి. అడగనిదే చెప్పకపోవచ్చు, అడిగితే ఓపిగ్గా చెప్తారు.

కరెంటు, నీళ్ళు ఆన్‌లైన్‌లో మొదలవుతాయి. గ్యాస్‌కు మాత్రం మనిషి వచ్చి పరీక్షించాలి, ఆ సమయానికి మీరు ఇంట్లో ఉండాలి. దిగే తేదీ తెలియగానే బుక్ చేసుకోకపోతే చన్నీళ్ళ స్నానమే, ఫిబ్రవరిలో ఆ ముచ్చట ఎవరికీ వద్దు.

ఐదో అడుగు: చెత్త, బాల్కనీ, ఇరుగుపొరుగు

చెత్త విషయంలో పొరుగువాళ్ళు మిమ్మల్ని అంచనా వేస్తారు. తగలబెట్టేది వారానికి రెండుసార్లు, కాగితం, సీసాలు, డబ్బాల వంటివి వారానికోసారి, లోహం, గాజు లాంటి తగలబెట్టనివి నెలకు రెండుసార్లు. ప్లాస్టిక్ కవర్లకు విడిగా రోజుంది. ఏ వీధికి ఏ రోజన్నది వార్డు ఇచ్చే కాగితంలో ఉంటుంది, దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఉదయం 8 లోపు పెట్టాలి, లోపలిది కనపడే సంచిలోనే. ఏదైనా వస్తువు ఒక పక్క 30 సెంటీమీటర్లు దాటితే అది పెద్ద చెత్త. ఫోన్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ బుక్ చేసి, కన్వీనియెన్స్ స్టోర్‌లో 200, 300 యెన్ల స్టిక్కర్లు కొని అంటించి పెట్టాలి. వాడిన వేపుడు నూనె సింకులో పోయవద్దు. దాన్ని గట్టిపరిచే పొడి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, చల్లారాక బిళ్ళలా తీసి చెత్తలో వేయవచ్చు.

బాల్కనీలో మీకూ పక్కింటికీ మధ్య పల్చటి బోర్డు ఒకటి ఉంటుంది. దాని మీద జపనీస్‌లో రాసి ఉన్నది, అగ్ని ప్రమాదం జరిగితే ఇక్కడ పగలగొట్టి పక్కింట్లోకి వెళ్ళండి అని. కాలితో తంతే పగిలేలా కట్టారు. మనవాళ్ళు తులసి కుండీ, బియ్యం డ్రమ్ము, పిల్లాడి సైకిలు సరిగ్గా దానికే ఆనించి పెడతారు. తీసేయండి. అది మీ దారే కాదు, పక్కింటివాళ్ళ దారి కూడా.

రాత్రి తొమ్మిది తర్వాత మిక్సీ, వాషింగ్ మెషీన్ వాడకపోతే సగం గొడవలు రావు. పిల్లలు పరిగెత్తే గదిలో మందపాటి చాప వేయండి. దిగిన వారంలో పైన, కింద, రెండు పక్కల ఇళ్ళకు చిన్న స్వీటు ప్యాకెట్‌తో వెళ్ళి నమస్కారం చెప్పి రండి. నివాసుల సంఘం ఉంటే చేరండి, నెల రుసుము నామమాత్రం. శుభ్రం చేసే రోజున చీపురు పట్టుకున్నవాళ్ళను ఆ భవనం మర్చిపోదు. మనవాళ్ళు మనవాళ్ళతోనే తిరిగి, పదేళ్ళున్నా పక్కింటాయన పేరు తెలియకుండా వెళ్ళిపోవడం ఇక్కడ మామూలే. నాకు మాత్రం అది నచ్చదు. రేపు భూకంపం వస్తే తలుపు తట్టేది ఆయనే.

ఆరో అడుగు: వంటిల్లు

టోక్యో కరెంటు 100 వోల్టులు. ఇంటి నుంచి మోసుకొచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ మూలుగుతుంది గానీ పప్పు రుబ్బదు. స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే మిక్సీ వాటేజికి రెట్టింపు సామర్థ్యమున్నది కావాలి, అది ఇటుక బరువుంటుంది. విదేశాల కోసం చేసిన 110 వోల్టుల మిక్సీ తెచ్చుకోవడమే తెలివైన పని. కుక్కర్, ఇడ్లీ పాత్ర, పెనం నిశ్చింతగా తెచ్చుకోండి.

సరుకుల కోసం కంగారు వద్దు. స్వాగత్, టీఎంవీఎస్, అంబికా వంటి భారతీయ దుకాణాలకు ఇక్కడ పేరుంది. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, మినుగులు, చింతపండు, ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు దొరుకుతాయి. కరివేపాకు ధర చూసి బాధపడటం మానేయడానికి కొన్ని నెలలు పడుతుంది. అయితే కూరగాయలకు భారతీయ కొట్టుకే వెళ్ళాలన్న నియమం లేదు. బెండకాయ ఇక్కడా "ఒకురా"గా వేసవంతా మామూలు సూపర్‌మార్కెట్‌లో ఉంటుంది. ముల్లంగి ఏడాది పొడవునా, కాకరకాయ వేసవిలో, లేత వంకాయలు సీజన్‌లో గుత్తివంకాయకు పనికొచ్చే సైజులో. సాదా పెరుగు డబ్బా ఒకటి కొని తోడు వేసుకుంటే మన పెరుగు వచ్చేస్తుంది, పులుపు రావడానికి ఇంకో రోజు ఆగాలి అంతే.

దక్షిణాది భోజనం పెట్టే హోటళ్ళున్నాయి, ఫునాబోరిలో ఇస్కాన్ గుడి ఉంది. అక్టోబరు ప్రాంతంలో నిషి కసాయ్‌లో దీపావళి పండుగ చేస్తారు, చాట్ బండ్ల ముందు మనవాళ్ళ కంటే జపనీయుల వరుసే పొడుగ్గా ఉంటుంది. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మలకు తెలుగు సంఘాల కార్యక్రమాలుంటాయి. తేదీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆ గ్రూపుల్లో వీసా సలహాలు కూడా తిరుగుతాయి, వాటిని మాత్రం నమ్మకండి.

ఏడో అడుగు: రైలు, సైకిలు

తోజాయ్ లైన్ రద్దీకి పేరుమోసింది. 2019లో కిబా, మోన్‌జెన్‌నాకాచో మధ్య ఉదయం రద్దీ 199 శాతం, దేశంలోనే అత్యధికం. ఆ తర్వాత తగ్గింది, కానీ పొద్దున్న 8 గంటల బండి ఇప్పటికీ సుఖం కాదు. ఆఫీసు ఒప్పుకుంటే 7 లోపు గానీ, 9 దాటాక గానీ బయల్దేరండి. నిషి కసాయ్ దాటగానే రైలు నది మీద పొడవాటి వంతెన ఎక్కుతుంది, ఈదురుగాలి వీస్తే నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగుతుంది. ఇంకో సంగతి: "రాపిడ్" బండి తోయోచో తర్వాత నేరుగా ఉరయాసులోనే ఆగుతుంది. తిరుగు ప్రయాణంలో ఆదమరిచి ఎక్కితే మీ ఇల్లు కిటికీలోంచి వెనక్కి పోతుంది. లోకల్, లేదా కమ్యూటర్ రాపిడ్ అయితే నిషి కసాయ్‌లో ఆగుతాయి.

ఇక్కడ నేలంతా చదును, సైకిలు లేని ఇల్లు అరుదు. కొనేటప్పుడే దుకాణంలో దొంగతనం నిరోధక రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఎవరి దగ్గరైనా పాతది తీసుకుంటే పేరు మార్పించుకోవాలి. పోలీసు ఆపి నంబరు చూడటం మామూలు. స్టేషన్ దగ్గర రోడ్డు పక్కన వదిలేస్తే ఎత్తుకుపోతారు, విడిపించుకోవడానికి డబ్బు కట్టాలి. నెలవారీ పార్కింగ్ తీసుకోండి. వీలైతే పక్క కసాయ్ స్టేషన్ కిందకి ఒకసారి పోయి చూడండి. 2008లో తెరిచిన ఆ పార్కింగ్‌లో 9,400 సైకిళ్ళు పడతాయి. చాలావాటిని యంత్రమే తలుపులోంచి లోపలికి లాక్కుని భూమిలో పెట్టేస్తుంది, కార్డు చూపిస్తే అర నిమిషంలోపు తెచ్చి ముందు నిలబెడుతుంది. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

సెలవు రోజున పెద్దగా ఖర్చు లేకుండా తిప్పడానికి గ్యోసెన్ పార్కులో వార్డు వాళ్ళ చిన్న జంతుశాల ఉంది. టికెట్ లేదు, ఎర్ర పాండాలు, పెంగ్విన్లు ఉంటాయి, సోమవారం సెలవు. కసాయ్ స్టేషన్ వంతెన కిందే మెట్రో మ్యూజియం. దక్షిణాన 1989లో తెరిచిన కసాయ్ రింకాయ్ పార్కు, అక్వేరియం, 117 మీటర్ల రంగులరాట్నం. సైకిలు మీద ఇరవై నిమిషాలు.

చివరి అడుగు: వెళ్ళేటప్పుడు

యూఆర్ ఇల్లు ఖాళీ చేయాలంటే కనీసం 14 రోజుల ముందు చెప్పాలి, ప్రైవేటులో సాధారణంగా నెల ముందు. గోడలకు పసుపు మరకలు, పొయ్యి వెనక నూనె జిడ్డు అడ్వాన్సులోంచి తినేస్తాయి కాబట్టి ఇల్లు తీసుకున్న రోజే ప్రతి గది ఫొటోలు తేదీతో సహా తీసి దాచుకోండి. పొయ్యి వెనక అల్యూమినియం రేకు తెర పెట్టుకుంటే వంద యెన్ల ఖర్చుతో పోతుంది.

దేశం విడిచి వెళ్తున్నట్టు వార్డుకు రాసివ్వాలి. ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ పింఛను చందా కట్టి ఉంటే కొంత మొత్తం ఒకేసారి వెనక్కి అడగవచ్చు, నివాసం పోయిన రెండేళ్ళలోగా దరఖాస్తు పెట్టాలి. అడిగే ముందు ఆలోచించాల్సింది ఒకటుంది. 2016 అక్టోబరు నుంచి భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది, రెండు దేశాల్లో కట్టిన కాలాన్ని కలిపి లెక్కించే వీలుంది. డబ్బు వెనక్కి తీసుకుంటే జపాన్‌లో కట్టిన ఆ కాలం లెక్కలోంచి పోతుంది. తీసుకోవాలనే నిర్ణయించుకుంటే, ఉద్యోగుల పింఛను మొత్తంలో 20.42 శాతం పన్ను పట్టుకునే పంపుతారు. ఆ పన్నును తిరిగి రాబట్టడానికి జపాన్‌లో ఉండే ఒకరిని మీ తరఫున పన్ను ప్రతినిధిగా నియమించి, ఆ కాగితం విమానం ఎక్కేలోపే పన్ను కార్యాలయంలో ఇచ్చి వెళ్ళండి. ఎదొగావా వార్డులో కసాయ్ వైపు ఉండేవాళ్ళు ఏ పన్ను కార్యాలయం కిందికి వస్తారో మీ చిరునామా చెప్పి ముందే కనుక్కోండి, చివరి వారంలో దాని కోసం పరిగెత్తే ఓపిక ఎవరికీ ఉండదు.